పెద్ద లగ్జరీ ఎస్‌యూవీ ఇప్పుడు కొనాలా, ఆగాలా? కొత్త డిజైన్ ఎప్పుడొస్తుందో ముందే కనిపెట్టడం ఇలా

అమెరికాలో ఉన్న మనవాళ్లలో కాడిలాక్ ఎస్కలేడో లింకన్ నావిగేటరో కొందామనుకునే వాళ్లు నన్ను అడిగేది ఒకటే, "అన్నా, ఇప్పుడు తీసుకోమంటావా, కొత్త మోడల్ వచ్చేదాకా ఆగమంటావా?" అని. నన్నే ఎందుకు అడుగుతారంటే, ఈ విషయంలో ఒకసారి గట్టి దెబ్బ తిన్నాను, అప్పట్నుంచీ ఈ బళ్ల సంగతి వదలకుండా గమనిస్తున్నాను. కొన్నేళ్ల కిందట మూడు వరసల పెద్ద బండి ఒకటి కొన్నాం. సంతకాలు పెట్టే ముందు సేల్స్‌మన్‌ని సూటిగానే అడిగాను, కొత్తది ఏమైనా వస్తోందా అని. ఇప్పట్లో లేదన్నాడు. నాలుగు నెలలు తిరక్కుండానే కొత్త డిజైన్ బయటపెట్టారు. ఆ వేసవిలో మా అత్తయ్యగారూ మామయ్యగారూ వచ్చారు. పిల్లల కార్ సీట్లు రెండో వరస ఆక్రమించాయి కాబట్టి మామయ్యగారు మూడో వరసలో కూర్చోవాల్సి వచ్చింది, ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటిదాకా దాదాపు గంటసేపు మోకాళ్లు గడ్డం దాకా మడుచుకునే ఉన్నారు, ఒక్క మాట అనలేదు. వెనక పెట్టెలు పట్టక రెండింటికి వేరే క్యాబ్ పిలిచాం. అద్దంలో ఆయన్ని చూసినప్పుడల్లా నా కడుపులో ఏదోలా అయ్యేది.

ముందు ఒక తేడా బాగా అర్థం చేసుకోండి. మోడల్ మారింది అని జనం అనేవాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి ఫేస్‌లిఫ్ట్, అంటే ముందు గ్రిల్, లైట్లు, లోపల స్క్రీన్ మారతాయి, బాడీ, ఛాసిస్ (బండి అడుగు చట్రం), సీట్ల మధ్య జాగా పాతవే ఉంటాయి. రెండోది పూర్తి రీడిజైన్, కింది నుంచి పైదాకా కొత్త బండి. ఎస్కలేడ్‌లో 2021 మోడల్ పూర్తి రీడిజైన్, 2025 మోడల్ ఫేస్‌లిఫ్ట్ (మోడల్ సంవత్సరం కంపెనీ పెట్టే పేరు, బండి చాలాసార్లు అంతకుముందు ఏడాదే బయటికొస్తుంది). 2021 మోడల్‌లో వెనక చక్రాలకి ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రం విడిగా ఆడే ఏర్పాటు, పెట్టారు. అంతకుముందు రెండు చక్రాలనీ కలిపే ఇరుసు అడ్డంగా ఉండేది, అది పైకీ కిందికీ ఆడటానికి జాగా కావాలి కాబట్టి బండి నేల ఎత్తుగా ఉండేది. ఆ ఇరుసు పోవడంతో నేల కిందికి దిగింది, మూడో వరసలో కాళ్లు పెట్టుకునే జాగా 24.8 అంగుళాల నుంచి 34.9కి పెరిగింది, మూడో వరస వెనక సామాను జాగా 15.2 ఘనపుటడుగుల నుంచి 25.5కి వెళ్లింది. పది అంగుళాలంటే పెద్దవాళ్ల మోకాళ్లకి ఎంత తేడానో చెప్పక్కర్లేదు. 2025 ఫేస్‌లిఫ్ట్‌లో అంచు నుంచి అంచుదాకా 55 అంగుళాల స్క్రీన్ వచ్చింది, చాలా బాగుంటుంది, కానీ మామయ్యగారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. కాబట్టి మీరు ఎదురుచూస్తున్నది ఏ రకం మార్పో తేల్చుకున్నాకే ఆగాలా వద్దా అన్న ఆలోచన.

ఇక పాత లెక్కలు తీయండి. ఎస్కలేడ్ తరాలు 1999, 2002, 2007, 2015, 2021 మోడల్ సంవత్సరాల్లో మొదలయ్యాయి. నావిగేటర్ 1998, 2003, 2007, 2018, 2025. ఇన్ఫినిటీ అయితే 2011లో మార్చినదాన్నే, పేరు క్యూఎక్స్80 అని మార్చి, 2024 దాకా లాగి 2025కి కొత్తది తెచ్చింది. లెక్సస్ ఎల్‌ఎక్స్570 2008లో వస్తే, దాని స్థానంలో ఎల్‌ఎక్స్600 వచ్చింది 2022కి. 2007 నుంచి చూస్తే వీటిలో ఏదీ ఆరేళ్లలోపు మారలేదు, మామూలు సెడాన్లకి చెప్పే ఐదారేళ్ల లెక్క ఇక్కడ పనికిరాదు, ఈ బళ్లు చాలావరకు పికప్ ట్రక్కుల ఛాసిస్ మీద కట్టినవి, ఆ ఛాసిస్‌కి పెట్టిన డబ్బు తిరిగొచ్చేదాకా కంపెనీ కదలదు. నేను పెట్టుకున్న గుర్తు ఏంటంటే, ఆరేళ్లు నిండేదాకా రీడిజైన్ గురించి టెన్షన్ పడను, ఆరు దాటాక మాత్రం నెలకోసారి వార్తలు చూస్తాను.

ఏడాదిని బట్టి అంచనా వేయడం ఒక ఎత్తు, చుట్టాలని బట్టి వేయడం ఇంకో ఎత్తు. ఎస్కలేడ్ ఒంటరిగా పుట్టదు, అదే జనరల్ మోటార్స్ (జీఎం) తయారుచేసే షెవీ టాహో, సబర్బన్, జీఎంసీ యూకాన్ దాని తోబుట్టువులు, సిల్వరాడో పికప్ పెద్దన్న. గత రెండు తరాల్లోనూ పెద్దన్నే ముందొచ్చాడు, 2014 సిల్వరాడో తర్వాత 2015 ఎస్కలేడ్, 2019 సిల్వరాడో తర్వాత 2021 ఎస్కలేడ్. కొత్త టాహో, సబర్బన్‌లని డిసెంబర్ 2019లో చూపించారు, రెండు నెలల్లోపే, ఫిబ్రవరి 2020లో, ఎస్కలేడ్ బయటికొచ్చింది. కాబట్టి ఎస్కలేడ్ మీద కన్నేసిన వాళ్లు టాహో వార్తలే ఎక్కువ చదవాలి. అయితే దీన్నే గుడ్డిగా నమ్మకండి. 2018 మోడల్‌కి ఫోర్డ్ (లింకన్ దానిదే) ముందు నావిగేటర్ తోబుట్టువైన ఎక్స్‌పెడిషన్‌ని చూపించి తర్వాత నావిగేటర్‌ని చూపించింది, 2025 మోడల్‌కి తిరగేసింది, ఆగస్టు 2024లో నావిగేటర్, అక్టోబర్‌లో ఎక్స్‌పెడిషన్.

నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది ఫ్యాక్టరీ, ఇంజిన్ వార్తల్ని. కంప్యూటర్‌లో గీసిన ఊహాచిత్రాలు రోజుకి పది వస్తాయి, వాటికి ఖర్చు లేదు. వందల మిలియన్ల డాలర్లు పోసి అసెంబ్లీ లైన్ మార్చారంటే దాని వెనక కచ్చితంగా బండి ఉంటుంది. ఇప్పుడు ఎస్కలేడ్ సంగతే తీసుకోండి. ఇది తయారయ్యేది డాలస్, ఫోర్ట్‌వర్త్ మధ్యనున్న ఆర్లింగ్టన్‌లో, మనవాళ్లు ఎంతోమంది ఉండే చోటికి కూతవేటు దూరం. జనవరి 2023లో జీఎం ఫ్లింట్ ఇంజిన్ ప్లాంట్‌లో ఆరో తరం వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) కోసం 57.9 కోట్ల డాలర్లు పెడుతున్నట్టు చెప్పింది. అదే ఏడాది జూన్‌లో, రాబోయే తరం పెట్రోల్ పెద్ద ఎస్‌యూవీల కోసం అని స్పష్టంగా చెప్పి ఆర్లింగ్టన్‌కి 50 కోట్ల డాలర్లకి పైగా ప్రకటించింది. మే 2025లో న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా ప్లాంట్‌కి, మళ్లీ ఆ కొత్త వీ8 కోసమే, 88.8 కోట్లు, ఉత్పత్తి 2027లో మొదలు. తర్వాత మిషిగన్‌లోని ఓరియన్ ప్లాంట్‌లో 2027 మొదట్లో ఎస్కలేడ్ కూడా తయారవుతుందని ప్రకటన. ఇవన్నీ కంపెనీ తన నోటితో చెప్పినవే, ఎవరో లీక్ చేసినవి కావు. 2021కి ఆరు కలిపితే 2027, ఇంజిన్ 2027, కొత్త లైన్ 2027. పూర్తి రీడిజైన్ 2027, 2028 ప్రాంతంలో అని నేను అనుకోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. ఇది నా అంచనా, కంపెనీ తేదీ కాదు, ఆ తేడా మనసులో ఉంచుకోండి.

ఆ తర్వాత ముసుగేసిన టెస్ట్ బళ్ల ఫొటోలు మొదలవుతాయి. వీటిని ఎలా చూడాలో తెలిస్తే చాలా సంగతులు బయటపడతాయి. నలుపు తెలుపు మెలికల స్టికర్ ముందు బంపర్‌కీ వెనక లైట్లకీ మాత్రమే ఉండి, తలుపులు, అద్దాలు, పైకప్పు బట్టబయలుగా ఉన్నాయంటే అది ఫేస్‌లిఫ్టే, దాచడానికి అక్కడ కొత్తదేమీ లేదు. నెత్తి నుంచి చక్రాల దాకా కప్పేశారంటే పూర్తి రీడిజైన్ అనుకోవచ్చు. తర్వాత లైట్లు చూడండి. మొదట్లో తిరిగే బళ్లకి గుండ్రటి తాత్కాలిక లైట్లు ఏవో బిగిస్తారు, అసలు లైట్లు ముసుగు సందుల్లోంచి మెరవడం మొదలైందంటే పని చివరికొచ్చినట్టు. తలుపు గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, వెనక తలుపు పొడవెంతో పాత ఫొటో పక్కన పెట్టి పోల్చండి, వెనక తలుపు పొడవైతే మూడో వరసలోకి ఎక్కడం తేలికవుతుంది. స్టికర్ ఎంత చుట్టినా తలుపు గీతని పూర్తిగా దాచలేరు.

కాన్సెప్ట్ కార్లు, అంటే అమ్మకానికి కాకుండా ముందుగా ప్రదర్శనకి పెట్టే నమూనా బళ్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. కొన్ని దాదాపు అసలు బండే, ఆగస్టు 2023లో ఇన్ఫినిటీ చూపించిన క్యూఎక్స్ మోనోగ్రాఫ్ అలాంటిదే, ఏడు నెలల్లో మార్చి 2024కల్లా అదే రూపంతో క్యూఎక్స్80 వచ్చేసింది. 2016లో లింకన్ చూపించిన నావిగేటర్ కాన్సెప్ట్‌కి మాత్రం పక్షి రెక్కల్లా పైకి లేచే తలుపులు, మరుసటి ఏడాది అసలు బండిలో అవి లేవు. తలుపులు, అద్దాల సైజు రోడ్డు మీద తిరిగేలా ఉన్నాయా లేదా చూస్తే ఏది ఏ రకమో తెలిసిపోతుంది.

డీలర్ దగ్గర అడగాల్సిన ప్రశ్న కూడా మార్చుకోండి. "కొత్తది ఎప్పుడు?" అంటే వాళ్లకి తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పకపోవచ్చు. "ఈ మోడల్ ఇయర్‌కి ఫ్యాక్టరీ ఆర్డర్లు ఏ తేదీ దాకా తీసుకుంటున్నారు, వచ్చే మోడల్ ఇయర్ ఆర్డర్లు ఎప్పుడు తెరుస్తున్నారు?" అని అడగండి. దీనికి వాళ్ల సిస్టమ్‌లో జవాబు ఉంటుంది. ఆర్డర్లు మామూలుకంటే ముందే మూసేసి, తర్వాతి ఏడాదివి తెరవకుండా నెలలు గడుస్తున్నాయంటే ఏదో పెద్దదే వస్తోంది. నేను ఆరోజు ఈ ప్రశ్న అడగలేదు.

ఇంతా కనిపెట్టాక ఏం చేయాలి? బండి పదేళ్లు ఉంచుకునే వాళ్లయితే, ఇప్పటి బండిలో మూడో వరస మీకు సరిపోతే, పాత తరం చివరి ఏడాది బండి నిక్షేపంగా కొనుక్కోవచ్చు. లోపాలన్నీ అప్పటికి సర్దుకుని ఉంటాయి, స్టాక్ ఖాళీ చేయాలి కాబట్టి ధర కూడా దిగుతుంది. రీడిజైన్ మొదటి ఏడాది బండికి మాత్రం నేను తొందరపడను. కొత్త ఇంజిన్, కొత్త స్క్రీన్లు, కొత్త వైరింగ్ ఒకేసారి వస్తాయి, పైగా మొదటి నెలల్లో కంపెనీ వేసిన స్టికర్ ధర మీద ఇంకో మొత్తం అంటించే డీలర్లు ఉంటారు. కొత్త తరం అంటే అన్నీ బాగుంటాయని కూడా కాదు, 6.2 లీటర్ల వీ8 ఉన్న 2021 నుంచి 2024 దాకా జీఎం బళ్లు దాదాపు 6 లక్షలు అమెరికాలో ఏప్రిల్ 2025లో ఇంజిన్ లోపంతో రీకాల్ అయ్యాయి, అంటే బాగుచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచింది. ఇప్పుడు పాతది కొనేవాళ్లు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో విన్ నంబర్, అంటే బండి గుర్తింపు నంబర్, కొట్టి ఆ రీకాల్ పని జరిగిందో లేదో చూసుకునే తీరాలి.

మూడేళ్లకోసారి మార్చేవాళ్లకి, రీడిజైన్ రెండేళ్ల దూరంలో కనిపిస్తుంటే, లీజే మంచిది. మూడేళ్ల తర్వాత బండి విలువ ఎంతో సంతకం రోజే కాగితం మీద రాసేస్తారు, మధ్యలో కొత్త డిజైన్ వచ్చి పాతదాని ధర పడిపోతే ఆ నష్టం లీజ్ కంపెనీది, మీది కాదు. నేను కొన్నది లోన్ మీద, ఆ పడిపోయిన విలువంతా నా నెత్తినే పడింది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొనేవాళ్లకి లెక్క ఇంకా తేలిక, ఎందుకంటే బయట దేశాల్లో చూపించాక ఇక్కడికి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. బీఎండబ్ల్యూ ఎక్స్7 ఫేస్‌లిఫ్ట్‌ని ఏప్రిల్ 2022లో చూపించారు, ఇండియాలో జనవరి 2023లో విడుదలైంది. మెర్సిడెస్ జీఎల్‌ఎస్ ఫేస్‌లిఫ్ట్ ఏప్రిల్ 2023లో చూపించారు, ఇక్కడ జనవరి 2024. రెండూ ఇక్కడే బిగిస్తారు, ఎక్స్7 చెన్నైలో, జీఎల్‌ఎస్ పుణె దగ్గర చాకణ్‌లో. అంటే బయట కొత్తది చూపించిన రోజు నుంచి మీ చేతిలో సుమారు తొమ్మిది నెలలు ఉన్నాయని అనుకుని బేరం మొదలుపెట్టండి.

ఆఖరుగా, సంతకం పెట్టే ముందు రెండు చోట్ల చూడండి. విన్‌లో పదో అక్షరం మోడల్ సంవత్సరం చెప్తుంది, అమెరికా బళ్లలో ఆర్ అంటే 2024, ఎస్ అంటే 2025, టీ అంటే 2026. డ్రైవర్ తలుపు తీస్తే ఆ అంచున స్తంభం మీద స్టికర్ ఉంటుంది, తయారైన నెల, సంవత్సరం దాని మీద అచ్చేసి ఉంటాయి. ఇండియాలో ఆర్‌సీలో కూడా తయారీ నెల వస్తుంది కాబట్టి రిజిస్ట్రేషన్‌కి ముందే ఇన్‌వాయిస్‌తో పోల్చుకోండి. ఏడెనిమిది నెలలు యార్డ్‌లో నిలబడిన బండిని కొత్త బండి ధరకి ఇస్తుంటే, ఆ స్టికర్ ఫోన్‌లో ఫొటో తీసి మేనేజర్ బల్ల మీద పెట్టి, అక్కడి నుంచి ధర మాట్లాడండి.