సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఉందా? ఫైలు తెరిచే ముందు పరంజా ఎక్కండి

ఇన్‌స్పెక్షన్ తేదీ తెలియగానే బిల్డింగులు కట్టే చాలా సైట్లలో మొదలయ్యే పని ఊడ్చడం. గేటు దగ్గర కొత్త బోర్డు, అందరి నెత్తిన కొత్త హెల్మెట్లు. వచ్చే అధికారి ఇలాంటి హడావిడి ఎన్నోసార్లు చూసి ఉంటారు. బోర్డు వైపు కన్నెత్తి చూడకుండా పని ఎక్కడ నడుస్తోందో అక్కడికే వెళ్తారు. అందుకని కనీసం పది రోజుల ముందు నుంచి మీరూ అలాగే తిరగండి. పై అంతస్తులో పని చేసే మనిషి పొద్దున వచ్చిన దగ్గర్నుంచి పనిముట్టు పట్టుకునేదాకా ఏ మెట్లు ఎక్కుతాడో, ఏ పలక మీద నడుస్తాడో అదే దారిన వెళ్లి చూడండి.

ముందు అంచులు, గోతులు. చాలా దేశాల్లో నిర్మాణ పనుల్లో ఎక్కువ ప్రాణాలు తీసేది ఎత్తు నుంచి పడిపోవడమే. స్లాబ్ అంచుకి, పరంజాకి దాదాపు మీటరు ఎత్తున ఒక పైపు, మధ్యలో ఇంకొకటి, సామాను కిందకి జారకుండా అడుగున అడ్డపలక ఉండాలి. ఇది అందరికీ తెలిసిందే, చాలాచోట్ల కడతారు కూడా. చిక్కంతా తర్వాతే. సామాను పైకి లాగడానికి మధ్యాహ్నం తీసిన పైపును తిరిగి ఎవరు బిగించాలి? ఆ పని ఫలానా మనిషిదని పేరుపెట్టి చెప్పకపోతే సాయంత్రానికి కూడా అది గోడకు ఆనించే ఉంటుంది.

ఒకసారి మేం పనిచేసే చోట పైపుల కోసం వదిలిన గొయ్యి మీద ప్లైవుడ్ షీటు పరిచి వదిలేశారు. ఓ కుర్రాడు పనికొస్తుందని దాన్ని రెండు చేతులా ఎత్తి ముందుకి అడుగేయబోయాడు. షీటు మొహానికి అడ్డంగా ఉంటే కాళ్ల కింద ఏముందో ఎలా కనబడుతుంది? వెనకున్న మేస్త్రీ చొక్కా పట్టి లాగాడు కాబట్టి బతికాడు. అప్పటినుంచి ప్రతి మూతనీ కదలకుండా బిగించి, పైన ఎర్ర పెయింటుతో ‘కింద గొయ్యి’ అని రాయిస్తున్నాను.

ఎత్తులో పనిచేసే మనిషి సేఫ్టీ బెల్టు వేసుకున్నాడా అని చూస్తే సరిపోదు, దాని తాడు కొక్కెం ఎక్కడ తగిలించాడో చూడండి. తాడు 1.8 మీటర్లు, పడేటప్పుడు కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ సాగితే మరో మీటరు పైచిలుకు, దానికి మనిషి పొడవు, కాస్త ఖాళీ. అన్నీ కలిపితే కొక్కెం నుంచి కిందకి సుమారు 5.5 మీటర్లు కావాలి. మొదటి అంతస్తులో కాళ్ల దగ్గర పైపుకి తగిలిస్తే తాడు ఆపేలోపే నేల తగులుతుంది. ఒక్క నడుముకే కట్టుకునే పాత బెల్టులు స్టోర్‌లో ఉంటే ఈరోజే తీసేయండి.

కరెంటు సంగతి. ప్లగ్గు లేకుండా వైర్లు సాకెట్లో దూర్చి పుల్లలు గుచ్చిన బోర్డు ఒక్కటి కనబడినా మిగతా సైటంతా అనుమానంగానే చూస్తారు. అలా చూడటంలో తప్పూ లేదు. చేతిలో పట్టుకుని వాడే మెషీన్ల లైన్లకి కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ట్రిప్ స్విచ్ ఉండాలి. దాని టెస్ట్ బటన్ మీరే నొక్కి చూడండి. ట్రిప్ కాకపోతే వెంటనే మార్పించండి.

కందకాల దగ్గర తవ్విన మట్టిని అంచు మీదే పోయకండి, కనీసం మీటరు దూరంగా వేయించండి. ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నుల పైనే ఉంటుంది. ఛాతీ దాకా కూరుకుపోయినా ఊపిరి ఆడదు. మనిషి లోతు కందకానికి పక్క ఊతాలు, ఎక్కడానికి నిచ్చెన తప్పనిసరి. నిచ్చెన ఎక్కడ వాడినా నాలుగు మీటర్ల ఎత్తుకి దాని కింది కొస ఒక మీటరు బయటికి ఉండాలి, పైభాగం దిగే చోటు కంటే మీటరు పైకి రావాలి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ముల్లు పచ్చలో ఉండాలి, వెల్డింగుకి వాడే ఎసిటిలీన్ గ్యాస్ సిలిండర్ నిలువుగా ఉండాలి.

హెల్త్ అంటే ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఒక్కటే అనుకుంటారు. రాయి, కాంక్రీటు కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరి చేసే నష్టానికి తిరుగు లేదు. మూతికి గుడ్డ కట్టుకుంటే ఆగదు. నీళ్లు పోస్తూ కోయాలి, మొహానికి సరిగ్గా అతుక్కునే మాస్కు ఇవ్వాలి. తాగే నీళ్లు, మరుగుదొడ్లు కూడా చూస్తారు. మీరు ఆ మరుగుదొడ్డి వాడగలరా? అదే పరీక్ష.

ఇక కాగితాలు. నెల రోజుల పరంజా తనిఖీలు ఒకే పెన్నుతో, ఒకే రాతలో ఉంటే ఒక్క రాత్రిలో రాశారని ఎవరికైనా తెలిసిపోతుంది. వాన వల్ల పని ఆపేసిన రోజు కూడా ‘అన్నీ బాగున్నాయి’ అని టిక్కు పెట్టిన రిజిస్టర్ నేను చూశాను. దానికన్నా ఖాళీగా వదిలేసిన గడే నయం. వారానికొకసారి, గాలివాన తర్వాత మరోసారి పరంజా చూసి, దొరికిన లోపం, సరిచేసిన తేదీ రాయండి. లోపాలే లేని రిజిస్టర్‌ని ఎవరూ నమ్మరు.

ప్రశ్నలు ఇంజనీరునే అడుగుతారని అనుకోకండి. ఇటుకలు మోసే ఆవిడని ఆపి, ‘మంటలొస్తే ఎటు వెళ్తావమ్మా?’ అని అడగొచ్చు. జవాబు బట్టీ పట్టించడం కన్నా ఆమెకి వచ్చిన భాషలో చెప్పి, ఒకసారి ఆ దారిన నడిపించడమే తేలిక.

ఇన్‌స్పెక్షన్ రోజుకి సరిచేయలేకపోయిన లోపం ఏదైనా మిగిలితే టార్పాలిన్ కప్పి దాచకండి. అటు ఎవరూ వెళ్లకుండా దారి మూసి, ఎప్పటికి పూర్తవుతుందో రాసి పెట్టుకుని, వాళ్లు అడగకముందే మీరే తీసుకెళ్లి చూపించండి.