శ్రీశైలం నడకదారికి వాకీటాకీ కొంటుంటే

శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి నల్లమలలో నడిచే బృందాలు ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. 446.0–446.2 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే, అర వాట్ పవర్ మించని వాకీటాకీ సెట్‌కు లైసెన్స్ అక్కర్లేదు. చవగ్గా దొరుకుతుందని 5 వాట్ల సెట్ కొంటే లైసెన్స్ చిక్కు తప్పదు. డబ్బా మీద రాసిన కిలోమీటర్లు చూసి మోసపోకండి, మధ్యలో కొండ అడ్డొస్తే పవర్ ఎంతున్నా మాట దాటదు. భీముని కొలను లోయలోకి దిగేటప్పుడు పైన గట్టు మీద ఒకరిని నిలబెట్టండి, అటు మాట ఇటు ఆయనే చేరవేయాలి. పెన్సిల్ సెల్స్‌తో నడిచేదే తీసుకోండి, అడవిలో చార్జింగ్ ఎక్కడ పెడతారు? ముఖ్యంగా సెట్లన్నింటిలో చానెల్‌తో పాటు ప్రైవసీ కోడ్ (వేరే గుంపుల మాటలు వినపడకుండా పెట్టుకునే నంబరు) కూడా ఒకటే ఉండాలి. కోడ్ తేడా ఉంటే లైటు వెలుగుతుంది గానీ మాట వినపడదు. బటన్ నొక్కాక ఒక్క సెకను ఆగి మాట్లాడండి, లేకుంటే మొదటి మాట తెగిపోతుంది.