బిజినెస్ ఐడియా కావాలా, ముందు రూమ్‌లోంచి బయటికి రండి

కొత్తగా ఏదైనా పెడదాం అనుకునేవాళ్ళు ముందు యూట్యూబ్‌లో టాప్ టెన్ ఐడియాలు అని వెతుకుతారు, అక్కడ దొరికేది ఊరందరికీ దొరుకుద్ది కదా, అందుకే ఏ గల్లీ చూసినా ఇంకో టీ ఫ్రాంచైజీ, ఇంకో క్లౌడ్ కిచెన్ (కూర్చుని తినే చోటు లేకుండా ఆన్‌లైన్ ఆర్డర్లకే వండే కిచెన్). నన్ను అడిగితే ఒకటే చెప్తా, జనం ఎక్కడ సర్దుకుపోతున్నారో చూడండి. అది కూడా డబ్బులో టైమో పోగొట్టుకుంటూ సర్దుకుపోయే చోటు అయితే ఇంకా మంచిది.

ఆన్‌లైన్‌లో బస్ టికెట్లు అమ్మే రెడ్‌బస్ అట్లనే పుట్టింది. 2005 దీపావళికి ఫణీంద్ర సామాకి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్ టికెట్ దొరకలే. ఆ రోజు టికెట్ దొరకనివాళ్ళు ఎంతమంది ఉండుంటారో, కానీ ఆయన మాత్రం ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో ఒక్కచోట ఎందుకు తెలియట్లేదు అని ఆలోచించి, ఫ్రెండ్స్‌తో కలిసి 2006లో మొదలుపెట్టారు.

మీరు చేయాల్సింది సింపుల్. పొద్దున ఏడింటికి హైదరాబాద్ అమీర్‌పేటలో హాస్టల్స్ ఉన్న గల్లీలో ఒక టిఫిన్ బండి పక్కన అరగంట నిలబడండి, ఫోన్ జేబులో పెట్టేసి. ఇడ్లీ పార్శిల్ కట్టేటప్పుడు చూడండి, వేడి సాంబార్ పల్చటి కవర్లో పోసి, దారంతో నాలుగు చుట్లు చుట్టి, కారుద్దేమో అని దానికి ఇంకో కవర్ వేస్తారు, చట్నీకి మళ్ళీ వేరే కవర్, వెనక క్యూలో ఉన్నోళ్ళు తొందర పెడుతుంటారు. ఆ రెండో కవర్ ఉంది చూశారా, మీరు వెతికేది అదే, ఎందుకంటే ఇబ్బంది ఉంది కాబట్టే వాళ్ళు జేబులోంచి డబ్బు పెట్టి ఏదో ఒకటి చేసుకుంటున్నారు. ఇట్లాంటివి నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోండి, మెహదీపట్నం రైతుబజార్, బేగంబజార్ హోల్‌సేల్ షాపులు, గాంధీ హాస్పిటల్ బయట అటెండెంట్లు కూర్చునే చోటు, జనవరిలో అయితే నాంపల్లి ఎగ్జిబిషన్ నుమాయిష్. రూల్స్ మారినప్పుడు కూడా కన్నేసి ఉంచండి, 120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి దేశమంతా బంద్ అన్నారు, అట్లాంటి రూల్ వచ్చిన ప్రతిసారీ బోలెడు చిన్న షాపులకి కొత్త అవసరం పుడుద్ది.

తర్వాత ఒక్కో లైన్ తీసుకుని ప్రశ్నలేయండి. ఇందులో ఏదైనా తీసేస్తే? రెండు కలిపితే? చిన్నది చేస్తే? తిరగేస్తే? బ్రెయిన్‌స్టార్మింగ్‌ని, అంటే నలుగురు కూర్చుని ఐడియాలు కురిపించడాన్ని, పాపులర్ చేసిన అలెక్స్ ఆస్బర్న్ ఇలాంటి ప్రశ్నల లిస్టే వాడేవారు, ఐడియాలు చెప్పేటప్పుడు ఎవరూ తప్పు పట్టొద్దు అనేది కూడా ఆయన పెట్టిన రూలే. సాంబార్ సంగతే తీసుకుంటే, కవర్ బదులు కస్టమర్ స్టీల్ డబ్బా తెచ్చుకుంటే రేటు తగ్గించొచ్చా, చట్నీ సాంబార్ ఒకే డబ్బాలో రెండు అరలుగా వస్తే, హాస్టల్ మొత్తానికి ఒకే క్యాన్‌లో పంపితే... పిచ్చివి కూడా రాయండి, కొట్టేయడం రేపు చూసుకోవచ్చు.

ఇప్పుడు అసలు పని. దయచేసి ఫ్రెండ్స్‌ని ఐడియా ఎట్లుంది అని అడక్కండి, సూపర్ మామా అంటారు అంతే. బండి అక్క దగ్గరికే వెళ్ళి, అక్కా పోయినసారి సాంబార్ కారితే ఏం చేశావ్, కవర్లకి నెలకి ఎంత అవుద్ది, అని జరిగిన సంగతి అడగండి. శాంపిల్ చేయాలంటే రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది, 2023లో ఓపెన్ అయింది, ప్రోటోటైప్‌లు, అంటే మొదటి శాంపిళ్ళు, చేసుకోవడానికే పెట్టింది, కానీ అక్కడిదాకా వెళ్ళేముందు బేగంబజార్‌లో దొరికే డబ్బాలతో ఒక వారం నడిపి చూడండి. శాంపిల్ చూపించి, వచ్చే వారానికి యాభై డబ్బాలు కావాలంటే కొంచెం అడ్వాన్స్ ఇవ్వండి అక్కా అనండి. ఇస్తే ముందుకెళ్ళండి. ఇవ్వకపోతే ఎందుకో మెల్లగా అడిగి అదీ రాసుకోండి, ఆమెకి సాంబార్ కారడం కన్నా ముడి వేయడానికి పట్టే టైమే పెద్ద తలనొప్పి అయ్యుండొచ్చు, అప్పుడు మీరు చేయాల్సిన ప్రొడక్టే వేరు.