కొత్త కంప్యూటర్‌కి మారేటప్పుడు ఎక్కడ చిక్కుపడుతుంది, ఎలా విడిపించుకోవాలి

పాత కంప్యూటర్‌ని ఫార్మాట్ చేయకముందే ఇది చదువుతుంటే మీరు అదృష్టవంతులు. కింది చిక్కుల్లో సగానికి మందు పాత దాంట్లోనే ఉంటుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా, ఆ కారణంగా మారేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను.

సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ మొత్తం కాపీ చేశాను, క్లిక్ చేస్తే తెరుచుకోవట్లేదు

ఫలానా డీఎల్ఎల్ (ప్రోగ్రామ్ నడవడానికి కావలసిన సహాయక ఫైల్) దొరకలేదని చెప్పో, ఏమీ చెప్పకుండానో ఆగిపోతుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మనకు కనిపించేది సాఫ్ట్‌వేర్‌లో ఒక ముక్కే. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు అది విండోస్ సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో తన వివరాలు రాసుకుంటుంది, యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో సెట్టింగ్స్ పెట్టుకుంటుంది, కొన్నయితే వెనకాల నడిచే సర్వీసులు కూడా చేర్చుకుంటాయి. ఫోల్డర్ లాక్కొస్తే ఇవి వెంట రావు. తయారుచేసినవాళ్ల సైట్ నుంచి దించుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే. ఇన్‌స్టాల్ అక్కర్లేకుండా పోర్టబుల్ అని ఇచ్చేవి మాత్రం కాపీ చేసినా నడుస్తాయి.

దొరకని డీఎల్ఎల్ కోసం ఊరూ పేరూ లేని సైట్లకు వెళ్లకండి, వైరస్‌కి పీట వేసి కూర్చోబెట్టినట్టే. ఆ పేరు ఎంఎస్‌వీసీపీ140 లేదా వీసీరన్‌టైమ్140 అయితే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ వేసుకుంటే చాలు.

ఇన్‌స్టాల్ అయ్యాక లైసెన్స్ వేరే కంప్యూటర్‌లో వాడుకలో ఉందంటే, పాత దాంట్లో డీయాక్టివేట్ చేయడం మర్చిపోయారన్నమాట. నాకిది డిస్క్ తుడిచేశాక గుర్తొచ్చింది. కస్టమర్ కేర్‌కి మెయిళ్లు రాస్తూ రెండు రోజులు గడిపాను.

పెన్‌డ్రైవ్‌లో బోలెడు ఖాళీ ఉంది, అయినా ఫైల్ పెద్దదంటోంది

పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫైళ్లు అమర్చే పద్ధతిలో ఉంటే 4 జీబీ ఫైల్ కూడా పట్టదు, అంతకన్నా చిన్నదే పడుతుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందే వేరేచోట పెట్టుకోండి.

పాత డిస్క్ తగిలించాను, ఫోల్డర్ తెరిస్తే పర్మిషన్ లేదంటోంది

ఇక్కడే చాలామంది తికమకపడతారు, ఎందుకంటే మూడు వేర్వేరు జబ్బులు ఒకేలా కనిపిస్తాయి.

మొదటిది తేలిక. మీ పేరు అదే అయినా కొత్త విండోస్ లెక్కలో మీరు వేరే మనిషి. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అందులో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి ఓనర్‌గా మీ అకౌంట్‌ని పెట్టండి.

రెండోది బిట్‌లాకర్. డ్రైవ్ మొత్తానికి తాళం పడి ఉంటుంది, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. నేనెప్పుడూ ఆన్ చేయలేదే అని టెన్షన్ పడకండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ తాళం వేసే ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. అప్పుడు కీ కూడా ఆ అకౌంట్‌లోనే ఉంటుంది.

మూడోదే ప్రమాదం. ఓనర్‌ని మార్చినా ఫైల్ తెరుచుకోకపోతే, దాన్ని విండోస్‌లోనే విడిగా ఎన్‌క్రిప్ట్ చేసి ఉండొచ్చు. దాని తాళంచెవి పాత అకౌంట్‌లో ఉండే సర్టిఫికెట్. పాత కంప్యూటర్ ఇంకా నడుస్తుంటే, అక్కడే ప్రాపర్టీస్‌లో ఎన్‌క్రిప్ట్ టిక్ తీసేసి మళ్లీ కాపీ చేయండి. సర్టిఫికెట్ బ్యాకప్ లేకుండా పాత విండోస్ తుడిచేసి ఉంటే మాత్రం ఆ ఫైళ్ల మీద ఆశ వదులుకోవాలి.

డెస్క్‌టాప్ ఫోల్డర్ తెచ్చాను, లోపల ఏమీ లేదు

వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) బ్యాకప్ ఆన్‌లో ఉంటే అసలు డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోయి ఉంటుంది. అక్కడ మబ్బు గుర్తు ఉన్న ఫైళ్లు డిస్క్‌లో లేనట్టే లెక్క, ఉన్నది పేరు మాత్రమే. రైట్ క్లిక్ చేసి ఎప్పుడూ ఈ పరికరంలోనే ఉంచమని చెప్పండి. మొత్తం దిగాక కాపీ చేసుకోండి.

బ్రౌజర్ ఫోల్డర్ తెచ్చినా పాస్‌వర్డ్‌లు రాలేదు

పాత విండోస్ అకౌంట్ తాళంతో బ్రౌజర్ వాటిని భద్రపరిచింది, ఇక్కడ విప్పలేరు. పాత దాంట్లో బ్రౌజర్ అకౌంట్ ద్వారా పాస్‌వర్డ్‌లు పంచుకునే సింక్ ఆన్ చేయండి. ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకుంటే మాత్రం ఇంపోర్ట్ అవగానే ఆ ఫైల్‌ని రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయండి, అందులో పాస్‌వర్డ్‌లు ఎవరైనా చదివేలా ఉంటాయి.

పాత తెలుగు డాక్యుమెంట్ తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం

ఫైల్ చెడిపోలేదు. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి) రాకముందటి ఫాంటుతో టైప్ చేసింది, ఆ ఫాంటు ఇక్కడ లేదు. పాత విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లోంచి తెచ్చి వేసుకోండి.

అన్నీ వచ్చాయో లేదో తెలియట్లేదు

రెండు వైపులా ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, సైజు పోల్చండి. సైజ్ ఆన్ డిస్క్ అనే అంకెను పట్టించుకోకండి, అది డిస్క్‌ని బట్టి మారుతుంది. తేడా వస్తే ముందు దారి పొడవు చూడండి: ఫోల్డర్ల పేర్లతో కలిపి 260 అక్షరాల దాకా వెళ్తే ఎక్స్‌ప్లోరర్ మొరాయిస్తుంది. పై ఫోల్డర్ పేరు కుదించండి, లేదా విండోస్‌తోనే వచ్చే రోబోకాపీ (కమాండ్ టైప్ చేసి నడిపే కాపీ సాధనం) వాడండి. దాంట్లో మిర్రర్ ఆప్షన్ జోలికి మాత్రం పోవద్దు. మూలంలో లేనివన్నీ గమ్యంలోంచి అడక్కుండానే తీసేస్తుంది.