వాణిజ్య భవనానికి డాబా మీద ఏసీ: ఎన్ని టన్నులు కావాలో తేల్చుకోవడం ఎలా?

దుకాణం వైశాల్యం చెప్పగానే 150 చదరపు అడుగులకు ఒక టన్ను చొప్పున లెక్క వేసి కొటేషన్ ఇచ్చేయడం మన దగ్గర మామూలైపోయింది. పైకప్పు ఎలాంటిదో, అద్దాలు ఏ దిక్కున ఉన్నాయో ఆ లెక్కలోకి రావు. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు (బీటీయూ వేడిని కొలిచే ఒక ప్రమాణం), అంటే దాదాపు 3.5 కిలోవాట్ల వేడిని బయటికి పంపగల సామర్థ్యం. కాబట్టి లోపలికి ఎంత వేడి చేరుతోందో ముందుగా తేల్చుకోవాలి.

విజయవాడలో పై అంతస్తులో 1,800 చదరపు అడుగుల, అంటే దాదాపు 167 చదరపు మీటర్ల బట్టల దుకాణం ఉందనుకుందాం. మనిషికి సుమారు 130 వాట్ల చొప్పున నలభై మందికి 5.2 కిలోవాట్లు, దీపాలకు చదరపు మీటరుకు 15 వాట్ల చొప్పున మరో 2.5 కిలోవాట్లు వేసుకోవాలి. పడమటి అద్దాల గుండా వచ్చే ఎండను, తలుపులు తెరిచినప్పుడూ తాజా గాలి కోసమూ లోపలికి వచ్చే తేమగాలిని విడిగా లెక్కించాలి. ఏసీ మీద ఈ తేమ వేసే భారం కోస్తాలో హైదరాబాద్ కంటే బాగా ఎక్కువ.

అందరూ తక్కువగా అంచనా వేసేది పైకప్పునే. ఏ రక్షణా లేని కాంక్రీటు స్లాబు నుంచి చదరపు మీటరుకు 60 వాట్లు దిగుతాయనుకుంటే మొత్తం 10 కిలోవాట్లు, అంటే దాదాపు మూడు టన్నులు అవుతుంది. పైగా మధ్యాహ్నం మింగిన ఎండను స్లాబు సాయంత్రానికి లోపలికి వదులుతుంది. కొనుగోలుదారులు గుంపుగా వచ్చేదీ అప్పుడే. అందుకే మనుషులు, దీపాలు, ఎండ, తేమ, పైకప్పు వేసే భారాలన్నిటినీ ఒకే గంటకు లెక్కేసి కూడాలి. స్లాబు మీద వేడిని అడ్డుకునే 50 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ పొర, దానిపై ఎండను తిప్పికొట్టే తెల్లని కూల్ రూఫ్ పూత వేయిస్తే ఆ మూడు టన్నులు అర టన్నుకు దగ్గరగా వస్తాయి. ఏసీ ఎంపికకు ముందే ఈ పని చేయించడం మంచిదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే దాని ఫలితం ప్రతి నెలా కరెంటు బిల్లులో కనిపిస్తుంది.

వచ్చిన మొత్తానికి పది శాతం కలిపితే చాలు. 'పెద్దది పెడితే పోయేదేముంది' అనుకోకూడదు: అవసరానికి మించిన యూనిట్ గదిని త్వరగా చల్లబరిచి కంప్రెసర్‌ను ఆపేస్తుంది, గాలిలోని తేమ మాత్రం పోదు, దాంతో చల్లగా ఉన్నా ఒళ్లు జిగటగానే ఉంటుంది.

ఇక కేటలాగులో రాసిన సామర్థ్యం సాధారణంగా బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది. మే నెలలో డాబా మీద గాలి 45 దాటవచ్చు, అప్పుడు అదే యంత్రం తక్కువ చల్లదనం ఇస్తుంది. కాబట్టి 46 డిగ్రీల వద్ద సామర్థ్యం ఎంతో రాసి ఇవ్వమని అడగాలి. ఆ వేడిలో 13 టన్నులు కావాల్సి వస్తే, ఒకే పెద్ద యంత్రం కంటే 8.5, 5.5 టన్నుల స్థాయిలో రెండింటిని, అవి ఆ వేడిలో కలిసి 13 ఇస్తాయో లేదో చూసుకుని, పెట్టడం మేలు. రద్దీ లేని ఉదయం పూట ఒక్కటే నడుస్తుంది. వాటిని పిట్టగోడకు ఆనించకుండా, వదిలిన వేడిగాలి మళ్లీ యంత్రంలోకి రాకుండా, బరువు దూలాల మీద పడేలా అమర్చాలి. ఆ బరువును భవనం మోస్తుందని స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాకే ఆర్డరు ఇవ్వాలి.