స్టెంట్ ఫైల్ చదువుదాం – 4వ పాఠం: మళ్ళీ బ్లాక్ కావడంలో జన్యువుల వాటా

మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచడానికి లోపల పెట్టే చిన్న జాలీ గొట్టమే స్టెంట్. ఆసుపత్రి ఫైల్‌లో ఉండే స్టెంట్ స్టిక్కర్ మీద వెడల్పు, పొడవు ఎక్కడుంటాయో పోయిన పాఠంలో చూశాం. ఆ ఫైల్ పక్కన పెట్టుకునే ఇది చదవండి.

హనుమకొండ, జనగామ, ములుగు, ఎక్కడైనా గుండె పేషెంట్ ఉన్న ఇంట్లో వినిపించే మాట ఒకటుంది: "మా నాయినకు స్టెంట్ వేసిన ఆర్నెల్లకే మళ్ళీ మూసుకుపోయింది. రేపు నాకు వేసినా అంతేనా? మా రక్తమే అసుంటిదా?" ఈ ప్రశ్నకు లెక్క వేసుకుని జవాబు చెప్పుకోవడమే ఈ రోజు నేర్చుకునే పని.

ముందు నాయినకు జరిగింది ఏమిటో తేల్చండి. "మళ్ళీ బ్లాక్" అనే మాటను మనవాళ్ళు మూడు వేర్వేరు సంగతులకు వాడతారు. స్టెంట్ లోపల కండ పెరిగి దారి సన్నబడటం ఒకటి. దీన్ని రిపోర్టులో ఇన్‌స్టెంట్ రీస్టినోసిస్ అనో, ఐఎస్‌ఆర్ అనో రాస్తారు. యాంజియోలో దారి సగమైనా మూసుకుంటేనే ఆ పేరు పెడతారు. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టడం రెండోది. అది ఉన్నట్టుండి, చాలాసార్లు హార్ట్ ఎటాక్‌గానే వస్తుంది. వేరే చోట కొత్తగా కొవ్వు పేరుకోవడం మూడోది. కుటుంబంలో నడుస్తుందని గట్టిగా చెప్పగలిగేది ఈ మూడోదే. తండ్రికి చిన్న వయసులోనే గుండెజబ్బు వస్తే పిల్లలు జాగ్రత్తపడాల్సింది అందుకే. ఫైల్‌లో ఐఎస్‌ఆర్ అన్న మాట లేకపోతే మీ టెన్షన్ వేరే దాని గురించి అన్నమాట.

ఉంటే, ముందుకు వెళ్దాం. స్టెంట్ వేయడానికి లోపల బెలూన్ ఉబ్బించినప్పుడు రక్తనాళం లోపలి పొరకు గాయమవుతుంది. ఆ గాయం మానే క్రమంలో మధ్య పొరలోని కండర కణాలు విభజన చెంది లోపలికి జరుగుతాయి. కొందరిలో ఇది అవసరమైనంతలో ఆగుతుంది, కొందరిలో ఆగదు. సాధారణంగా మొదటి ఏడాదిలోపే ఇది బయటపడుతుంది. ఇక్కడే జన్యువుల ప్రస్తావన వస్తుంది. పి27 అనే ప్రొటీన్ ఈ కణాల విభజనకు బ్రేకు లాంటిది. నెదర్లాండ్స్‌లో మూడు వేలకు పైగా పేషెంట్లతో జరిగిన 'జెండర్' (GENDER) అనే పేరున్న అధ్యయనం నుంచి 2009లో ఒక ఫలితం వచ్చింది: ఈ ప్రొటీన్‌ను తయారుచేయించే జన్యువులో ఒక రకం మార్పు ఉన్నవాళ్ళలో మళ్ళీ సన్నబడటం తక్కువగా కనిపించింది. నాకు బాగా నచ్చే సంగతి ఏమిటంటే, స్టెంట్ మీద పూసే సిరోలిమస్ మందు పనిచేసే దారుల్లో ఒకటి కూడా ఈ పి27 తగ్గిపోకుండా చూడటమే. పుట్టుకతో కొందరికి దక్కిన మేలును మందు అందరికీ ఇవ్వజూస్తుంది.

ఏసీఈ అనే ఇంకో జన్యువుది వేరే అనుభవం. మొదట్లో చిన్న గుంపులలో మళ్ళీ సన్నబడటంతో దానికి సంబంధం ఉందన్నారు, పెద్ద గుంపులలో అది నిలబడలేదు. అందుకే జన్యువు పేరు వినగానే, ఎంతమందిలో చూశారు, ఇంకొకరు చూసినా అదే తేలిందా అని అడగడం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు లెక్క. 1977లో జ్యూరిచ్‌లో గ్రున్‌జిగ్ అనే డాక్టర్ మొదటిసారి గుండె రక్తనాళంలో బెలూన్ వేశాడు. బెలూన్ ఒక్కటే వాడిన రోజుల్లో నూటికి 30 నుంచి 40 మందికి మళ్ళీ సన్నబడేది. మామూలు స్టెంట్‌తో 20–30కి, మందు పూసిన స్టెంట్‌తో 10 లోపుకి దిగింది. మనుషుల జన్యువులు మారలేదు, చికిత్స మారింది. షుగర్, సన్నని నాళం, పొడవైన బ్లాక్, పూర్తిగా విచ్చుకోని స్టెంట్, మళ్ళీ సన్నబడటం మీద వీటి ప్రభావం ఎన్నో అధ్యయనాల్లో నిలబడింది.

ఒక ల్యాబ్ ప్రకటన "ఈ జన్యువుంటే ముప్పు 50 శాతం ఎక్కువ" అంటుందనుకోండి. వెంటనే "దేని మీద 50?" అని అడగండి. మీలాంటి స్టెంట్ వేసుకున్న 100 మందిలో 8 మందికి సన్నబడుతుందని లెక్కకు అనుకుంటే, 8 కాస్తా 12 అవుతుంది. నూటికి నలుగురు ఎక్కువ. మిగిలిన 88 మందికి ఆ జన్యువున్నా సన్నబడలేదు. శాతాన్ని ఇలా మనుషుల్లోకి మార్చడం వస్తే పాఠంలో సగం వచ్చినట్టే.

ఒక హెచ్చరిక. సీవైపీ2సీ19 పరీక్ష పేరు ఇక్కడ కలిపేయకండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మాత్ర ఒంట్లో సరిగా పనిచేస్తుందా అని చూసే పరీక్ష అది, అంటే గడ్డకట్టే ముప్పుకు సంబంధించింది. మన దేశంలో ఆ మాత్రను సరిగా పనిచేయనివ్వని జన్యు మార్పు తరచుగానే ఉంటుంది కాబట్టి డాక్టర్‌ను అడగడంలో తప్పులేదు. మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు, మార్చొద్దు.

అభ్యాసం: నర్సంపేట రైతు ఒకాయనకు షుగర్ ఉంది. ఆయనకు 2.5 మి.మీ. వెడల్పు, 38 మి.మీ. పొడవున్న స్టెంట్ వేశారు, ఐఎస్‌ఆర్ వచ్చింది. కొడుక్కి షుగర్ లేదు, మందు పూసిన 3.5 మి.మీ. వెడల్పు, 18 మి.మీ. పొడవున్న స్టెంట్ వేశారు. తండ్రికీ కొడుక్కీ ఉన్న తేడాలు రాయండి. కొడుకు లాంటివాళ్ళలో నూటికి 6 అనుకుని, జన్యువు వల్ల ముప్పు ఒకటిన్నర రెట్లయితే ఎంతమంది పెరుగుతారో వేయండి. జవాబుతోనే 5వ పాఠం మొదలుపెడదాం.