బ్లాకులో టిష్యూ నిలవట్లేదా? ఎంబెడింగ్ సమస్యలు - పరిష్కారాలు

టిష్యూని కరిగిన వ్యాక్స్ (మైనం)లో పెట్టి బ్లాకుగా గట్టిపరచడమే ఎంబెడింగ్. ఆ బ్లాకు నుంచి మైక్రోటోమ్ అనే యంత్రంతో కోసిన సన్నని పొరే సెక్షన్. సెక్షన్ సరిగ్గా రావట్లేదంటే ముందు మైక్రోటోమ్ చక్రం ఆపండి. ఇంకాస్త ట్రిమ్ చేసి (పైపై పొరలు కోసేసి) చూద్దాం అనుకోవద్దు. చిన్న బయాప్సీ అయితే ఆ కాస్తలోనే డయాగ్నోసిస్‌కి కావలసిన భాగం పోతుంది. పోయింది మళ్లీ రాదు.

సమస్య: సెక్షన్ మధ్యలో రంధ్రం పడుతోంది, టిష్యూ మెత్తగా ఉంది

బ్లాకుని వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. అంచుల్లో వ్యాక్స్ నున్నగా ఉండి, టిష్యూ నడుమ మాత్రం తెల్లగా, కాస్త కుంగినట్టు కనిపిస్తే వ్యాక్స్ లోపలిదాకా చేరలేదన్నమాట. చాలామంది ఎంబెడింగ్ చేసినవాళ్లనే తప్పుపడతారు గానీ అసలు లోపం అంతకుముందే జరిగి ఉంటుంది. ముక్క 4 మి.మీ. కంటే మందంగా కోసి ఉండవచ్చు, ఫార్మలిన్‌లో (టిష్యూ చెడిపోకుండా కాపాడే ద్రావణం) చాలినంతసేపు ఉంచి ఉండకపోవచ్చు, ఆల్కహాల్ పాతబడి ఉండవచ్చు. ప్రాసెసింగ్ అంటే టిష్యూలోని నీటిని ఆల్కహాల్‌తో, ఆ ఆల్కహాల్‌ని జైలీన్‌తో తీసేసి, చివరికి వ్యాక్స్ ఎక్కించడం. నీరు మిగిలిన చోటికి జైలీన్ వెళ్లదు, జైలీన్ వెళ్లని చోటికి వ్యాక్స్ వెళ్లదు. జైలీన్ పాలలా తెల్లబడితే ఆల్కహాల్ వెంటనే మార్చాల్సిందే.

పరిష్కారం: బ్లాకు కరిగించి, టిష్యూని జైలీన్ మీదుగా ఆబ్సొల్యూట్ (నీరు కలవని) ఆల్కహాల్ వరకు వెనక్కి తీసుకెళ్లి, తాజా ద్రావణాలతో మళ్లీ ప్రాసెస్ చేయండి. బ్లాకు జైలీన్ వాసన వస్తుంటే అంత దూరం వెళ్లక్కర్లేదు, కొత్త వ్యాక్స్‌లో మరికొంతసేపు ఉంచితే చాలు.

సమస్య: కోస్తుంటే టిష్యూ ఊడి వస్తోంది

చుట్టూ సన్నని గీత కనిపిస్తోందా? వ్యాక్స్ పోసేలోపే టిష్యూ చల్లారి, దాని మీద వ్యాక్స్ పొర కట్టింది. ఫోర్సెప్స్ చల్లగా ఉన్నా ఇంతే. కరిగించి మళ్లీ ఎంబెడ్ చేయండి, రీప్రాసెసింగ్ అవసరం లేదు. 56-58 డిగ్రీల దగ్గర కరిగే వ్యాక్స్‌ని 60-62 డిగ్రీల్లో ఉంచండి. మరీ వేడెక్కితే టిష్యూ పెళుసుబారుతుంది.

సమస్య: బ్లాకు పగిలింది

మరీ వేగంగా చల్లార్చారు. కరిగించి, కోల్డ్ ప్లేట్ మీద నిదానంగా గట్టిపడనివ్వండి.

సమస్య: చర్మం సెక్షన్‌లో ఎపిడెర్మిస్ (పై పొర) కనిపించట్లేదు

ముక్కని పడుకోబెట్టేశారు. చర్మాన్ని అంచు మీద నిలబెట్టాలి, అప్పుడే పై పొర నుంచి కొవ్వు దాకా ఒకే సెక్షన్‌లో వస్తుంది. ఫాలోపియన్ ట్యూబు లాంటివైతే లోపలి రంధ్రం గుండ్రంగా కనిపించేలా నిలబెట్టాలి. ఒకే మోల్డ్‌లో (వ్యాక్స్ పోసే అచ్చు) నాలుగైదు ముక్కలుంటే అన్నిటినీ సమానంగా అడుగుకి నొక్కండి. ఒక్కటి పైకి తేలినా, దాన్ని అందుకునేలోపు మిగతావి అరిగిపోతాయి. ఏ ముఖం కిందికి పెట్టాలో తెలియకపోతే ఊహించి పెట్టకండి, గ్రాసింగ్ చేసిన (టిష్యూని పరిశీలించి ముక్కలు కోసిన) డాక్టర్‌ని అడగండి.